వజ్రబాణం కట్టినవాడు

వరంగల్ బట్టలబజారు వెనక సందులో తాళాలు, గొళ్లాలు, తలుపు బందులు అమ్మే కొట్టు ఒకటి ఉంది. ఆ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే సారంగపాణికి లోకంలో నచ్చిన మనిషి ఒక్కడే. అది సారంగపాణి.

మిగతా అందరి మీదా ఆయనకు ఏదో ఒక అభిప్రాయం ఉండేది. అది ఎన్నడూ మంచిది కాదు. కొనడానికి వచ్చినవాడికి తాళంచెవి తిప్పడం రాదు. పక్క కొట్టువాడికి మనిషితో మాట్లాడడం రాదు. పేపర్లలో రాసేవాళ్లకు తెలుగు రాదు. కవులమని శాలువాలు కప్పుకుని తిరిగేవాళ్లకు యతి ఎక్కడ పడాలో తెలియదు. ఇక పల్లెపాటలంటే ఆయనకు ఒళ్లుమంట. బతుకమ్మ రోజుల్లో కిటికీలు బిగించుకుని కూర్చునేవాడు. "చప్పట్లు కొట్టుడు పాటెట్లయితది?" అని భార్య కమలను నిలదీసేవాడు. కమల వాకిట్లో ఆడినంతసేపు ఆడి, లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని ఆయనకు అన్నం వడ్డించేది. జవాబు మాత్రం చెప్పేది కాదు.

ఆయన కవి. ఆ సంగతి ఆయన చెబితేనే ఎవరికైనా తెలిసేది. వయసులో ఉండగా సొంత ఖర్చుతో ఒక పద్యాల పుస్తకం అచ్చు వేయించాడు. బంధువుల పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు కవరుతో పాటు దాన్ని కూడా చదివించేవాడు. చదివించినవి చాలా ఉన్నాయి గాని, చదివినవాళ్లు లేరు. ఫంక్షన్ హాల్ ఊడ్చేవాళ్లకు కుర్చీల కింద దొరికేవి. ఆ సంగతి విన్నప్పుడు కూడా ఆయన నొచ్చుకోలేదు. ఈ జనానికి ఇంతకంటే చేతకాదని ఆయనకు ముందే తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన గొప్ప నిజమే. గొంతు. గుళ్లో గంట మోగినట్టు ఉండేది. ఆ రోజుల్లో జీపుకు మైకు కట్టి ఊరూరా తిప్పుతూ సినిమా మారిందనీ, సర్కస్ వచ్చిందనీ, కొత్త విత్తనాలు దిగాయనీ చెప్పించేవాళ్లు. చౌరస్తాలో మైకుసెట్లు కిరాయికిచ్చే ఆసామి సారంగపాణిని పిలిచి జీపు ముందు సీట్లో కూర్చోబెట్టాడు. పొట్టకు తాళాల కొట్టు ఉంది కాబట్టి ఆయన పొట్టకోసం వెళ్లలేదు. తన గొంతు ఊరి మీదుగా పోయి చెట్లకు తగిలి తిరిగి వస్తుంటే వినడానికి వెళ్లాడు. నెత్తి నిండా నూనె పట్టించి, వెనక్కి దువ్వి, తెల్లచొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఊళ్లోవాళ్లు జీపు చుట్టూ మూగితే కిందికి దిగేవాడు కాదు. దిగితే బురద, దిగకపోతే గౌరవం.

అలా తిరిగిన కాలంలో ఒక పత్తి పంటప్పుడు ఎక్కడివాడో ఒక పురుగుమందు కంపెనీ మనిషి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాడు. మందు పేరు వజ్రబాణం. జీపులో చదవమని ఒక కాగితం ఇచ్చాడు. సారంగపాణి ఆ కాగితం చూసి మొహం చిట్లించాడు. ఇంత దరిద్రపు మాటలు తన నోటితో చదవనన్నాడు. ఆ లాడ్జి మంచం మీదనే కూర్చుని ఒక పాట కట్టాడు.

వచ్చె వచ్చె వజ్రబాణం – వాడి చూడు రైతన్నా
పచ్చపురుగు పారిపోవు – పత్తి నవ్వు చేనంతా

కంపెనీవాడు తల ఊపాడు. తొర్రూరు నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా పత్తి ఉన్న ప్రతి ఊరికీ సారంగపాణి ఆ పాటను మోసుకుపోయాడు. తరువాతి ఏడు కంపెనీవాడు రాలేదు. మైకుల కాలం కూడా పోయింది. సారంగపాణి కొట్లో కూర్చున్నాడు. ఆ పాటను ఆయన ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. పద్యాలు రాసే చేత్తో రాసిన పురుగుమందు ప్రకటన అది. మరిచిపోదగ్గ పని, మరిచిపోయాడు.

ఇప్పుడు ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. మొన్న ఎండాకాలం ఒకనాడు పొద్దున రాజమల్లు సెలూన్‌లో గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురుగు ఉంది. రాజమల్లు ఫోన్‌లో పాట పెట్టాడు. ముందు డప్పు మోగింది. తరువాత రేకును రోడ్డు మీద ఈడ్చినట్టు గిటారు. అది సంగీతం కాదని సారంగపాణి తీర్మానించే లోపల ఒక ఆడపిల్ల గొంతు ఎత్తుకుంది.

"వచ్చె వచ్చె వజ్రబాణం..."

ఆయన లేవబోయాడు.

"కదలకుండ్రి సారూ, కత్తి ఉన్నది," అన్నాడు రాజమల్లు.

"గది నా పాట."

"అందరి పాట సారూ అది. మా చిన్నోడు గూడ ఇదే పాడుతాండు."

"కాదయా. నేను రాసిన."

రాజమల్లు కత్తి పక్కన పెట్టి అద్దంలో ఆయన మొహం చూశాడు. "మీరా? గది కాకతీయుల కాలం పాటనట. యూట్యూబ్‌ల చెప్పిండ్రు," అన్నాడు. అంతలో ఎవరో ఫోన్ చేశారు. పాట అక్కడే ఆగిపోయింది. సారంగపాణి విన్నది ఆ ఒక్క ముక్కే. ఆయనకు అది చాలు.

ఆరా తీస్తే తెలిసిన సంగతులు ఆయనకు మరింత రోత పుట్టించాయి. పాడేది హనుమకొండ పిల్లల బ్యాండ్. దాని పేరు కొర్రమట్ట. పాటగాళ్లు చేప పేరు పెట్టుకునే కాలం వచ్చిందా అనుకున్నాడు. బ్యాండ్ పెద్ద వినయ్ అని, స్టీలు సామాన్ల సేటు కొడుకు. జుట్టు భుజాల దాకా పెంచాడు, మే నెల ఎండలో గొంగడి కప్పుకుని గిటారు వాయిస్తాడు. గొర్రెను దగ్గరి నుంచి చూసి ఎరుగడు. పాడే పిల్ల భవాని. తొర్రూరు దగ్గరి పల్లె, కూలి చేసుకునే ఇల్లు, నర్సింగ్ చదువు. వాళ్ల మొదటి ఆల్బమ్ పేరే 'వజ్రబాణం'. ఎనిమిది పాటల్లో ఈ పాటే ముందు. పాట విడుదలయ్యాక హైదరాబాద్ ఊగింది, బెంగళూరు ఊగింది, తెలుగు ఒక్క ముక్క రాని ఊళ్లు కూడా ఊగాయి. ఆటోల్లో అదే, బరాతుల్లో అదే, రీల్స్‌లో అదే. కాకతీయుల సైన్యం యుద్ధానికి పోతూ పాడుకున్న పాట అని వినయ్ ప్రతి ఇంటర్వ్యూలో చెప్పాడు. ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు.

సారంగపాణి మాత్రం ఊరంతా చెప్పుకున్నాడు. కొట్టుకు వచ్చినవాడికి తాళం చూపించే ముందు ఆ పాట తనదని చెప్పేవాడు. అవునా అని తాళం బేరం ఆడేవాళ్లు. "నీళ్లలో రాయి వేస్తే కూడా ఇంతకంటే ఎక్కువ కదులుతుంది, ఈ మనుషులు కదలరు" అని ఇంటికొచ్చి తిట్టేవాడు.

"పాట మొత్తం విన్నరా?" అని కమల ఒకసారి అడిగింది.

"నా పాట నేను వాళ్ల నోటి నుంచి వినుడేంది?"

"ఒక్కసారి వినుండ్రి."

ఆమె పెదవి చివర నవ్వు లాంటిది ఏదో కనిపించింది. ఇన్నేళ్లకు తన భార్యకు తన గొప్ప అర్థమైందని ఆయన అనుకున్నాడు.

హనుమకొండలో ఆ బ్యాండ్‌కు సన్మాన సభ పెట్టారని తెలిసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. పైకం దండిగా ఉన్నవాళ్లు పెట్టిన సభ, ఏసీ హాలు. వేదిక మీద బ్యాండ్ పిల్లలతో పాటు రాజేశ్వర్ రావు కూర్చున్నాడు. ఆయన రిటైరైన ప్రొఫెసర్. జానపదం మీద లావుపాటి పుస్తకాలు రాశాడు. ఈ పాట మీద ఒక పెద్ద వ్యాసం కూడా అప్పటికే అచ్చయింది. కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టాడు. వజ్రబాణం అన్నది కాకతీయుల కోట గోడల మీది ఆయుధమట. పచ్చపురుగు అంటే దండెత్తి వచ్చిన పరాయి రాజట, వాడి జెండా పచ్చనిదట. అక్షరం ముక్క రాని పల్లె తల్లులు ఎనిమిది వందల ఏళ్లుగా ఈ రహస్యాన్ని కడుపులో దాచుకుని మోశారట.

హాలంతా చప్పట్లు. సారంగపాణి ఇక ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. మైకు అవసరం ఆ గొంతుకు ఎన్నడూ లేదు.

"పచ్చపురుగు అంటే పచ్చపురుగే సార్. పత్తి కాయను తింటది. వజ్రబాణం పురుగుమందు. డబ్బాల అమ్మిండ్రు. పాట రాసింది నేను, స్టేషన్ ముంగట లాడ్జిల కూసోని."

హాలు తిరిగి చూసింది. రాజేశ్వర్ రావు జాలిగా నవ్వాడు. "పెద్దలు, మీ పేరు?"

"సారంగపాణి. కవిని."

"సారంగపాణి గారూ, మీరు పొరపాటు పడుతున్నారు. మీరు ప్రకటన రాసి ఉండవచ్చు. అయితే అప్పటికే ప్రజల నోట్లో ఉన్న ప్రాచీన గేయాన్ని మీరు వాడుకున్నారు. కంపెనీ కూడా ఆ పేరును అందులోంచే తీసుకుంది. ఇది మా శాస్త్రంలో తరచుగా కనబడే విషయమే."

తన పాటను తానే దొంగిలించాడన్న మాట అది. సారంగపాణి మళ్లీ గొంతెత్తబోయాడు. అప్పుడు వేదిక మీద నుంచి భవాని మైకు అందుకుంది.

"తాతా, మీరే రాసిండ్రా? అయితే రెండో చరణం గూడ మీదేనా?"

"నాదే. మొత్తం నాదే," అన్నాడు.

భవాని డప్పు లేకుండా, గిటారు లేకుండా, నిలబడ్డచోటే పాడింది.

వచ్చె వచ్చె వజ్రబాణం – వాసనొచ్చె పిల్లో
పచ్చపురుగు పడుకోని – పగలబడి నవ్వె పిల్లో
నోట్ల గంట కట్టుకున్న – నూనె తలకాయోడు
దుమ్ములేపి పోయినోడు – దొరకకపాయె పిల్లో

వెనక వరసలో ఎవరో ముందుగా చూశారు. లేచి నిలబడ్డ పెద్దమనిషి తల మీద, వెనక్కి దువ్విన తెల్లజుట్టు మీద, ట్యూబులైటు వెలుగు నిగనిగలాడుతోంది. ఒకరు కిసుక్కుమన్నారు. పక్కవాడు అటు చూశాడు. తరువాత ఏసీ హాలు మొత్తం, దాతలూ ఫొటోగ్రాఫర్లూ సహా, పగలబడి నవ్వింది. రాజేశ్వర్ రావు ఒక్కడే నవ్వలేదు. ఆ గంట కట్టుకున్నవాడు దండోరా వేసే రాజోద్యోగి అని వ్యాసంలో రాశాడాయన.

సారంగపాణి చెప్పులు వెతుక్కుని బయటికి నడిచాడు. ఆయనకు అన్నిటికంటే ముందు అర్థమైన సంగతి అవమానం కాదు. 'పచ్చపురుగు పడుకోని పగలబడి.' యతి పడింది. తను 'పత్తి నవ్వు' అన్నచోట వాళ్లు 'పగలబడి నవ్వె' అన్నారు. పత్తి నవ్వడం దగ్గర తన లైను ఎంత చప్పగా ఉందో మెట్లు దిగేసరికి తెలిసిపోయింది. అవమానం ఆటోలో కూర్చున్నాక వచ్చింది.

ఇంటికి రాగానే కమలను అడిగాడు. "నీకు ఎరికేనా?"

"పాట మొత్తం విన్న గద. నూనె తలకాయ అంటె ఇంకెవరుంటరు?"

"ఎందుకు చెప్పలే?"

"వినుండ్రి అన్న గద," అంది కమల, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

నాలుగు రోజులు ఆయన కొట్టుకు వెళ్లలేదు. అయిదో నాడు భవానే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వెంట వినయ్ కూడా ఉన్నాడు. ఉక్కలో కూడా గొంగడి ఉంది.

"సభల గట్ల అయినందుకు ఏమనుకోకుండ్రి తాతా," అంది భవాని. "మా అవ్వ చిలుకమ్మ ఇంక ఉన్నది. పాట ఆమె నుంచే నాకు వచ్చింది. జీపుల వచ్చెటోని ముచ్చట చిన్నప్పటి సంది చెప్పేది. నేను ఇదంతా చెప్తే వినయ్ అన్న వినలే, కాకతీయులు అంటేనే మంచిగుంటదన్నడు. మీరు ఒకసారి వస్తె ఏది నిజమో ఆమెనే చెప్తది."

వినయ్ సిగ్గుపడినట్టు నేల చూశాడు. సిగ్గు అంతటితో సరి. "సార్, మీరిద్దరు కలిసేది వీడియో తీస్కుందాం. చాలా ఆథెంటిక్‌గా ఉంటది," అన్నాడు.

ఆ మాటకు సారంగపాణి వాడి మొహాన తలుపు వేయాల్సింది. కాని పాట తనదని చెప్పగల మనిషి లోకంలో ఒకరు ఉన్నారంటే ఆగడం ఆయన వల్ల కాలేదు. కారెక్కాడు. తొర్రూరు దాకా వినయ్ పల్లెల గొప్పతనం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. మట్టి అన్నాడు, వేర్లు అన్నాడు. భవాని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల మొహంలో కనిపించిన తిరస్కారం సారంగపాణికి బాగా నచ్చింది. అది ఆయన గుర్తుపట్టగల సరుకు.

చిలుకమ్మ రేకుల ఇంట్లో మంచం మీద కూర్చుని టీవీ సీరియల్ చూస్తోంది. వచ్చినవాళ్లను చూసి కూర్చోమని చెయ్యి ఊపింది. సీరియల్ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అయ్యాక రిమోట్ కింద పెట్టి ఇటు తిరిగింది.

"అవ్వా, జీపుల మైకు పట్టుకొని వచ్చినోడని చెప్పేదానివి గద. ఈ తాతే," అంది భవాని.

చిలుకమ్మ ఆయన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"నూనె తగ్గింది," అంది.

వినయ్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. "ఆ వజ్రబాణం పాట కట్టింది నేనేనని వీళ్లకు చెప్పమ్మా. ప్రొఫెసర్లు ఏదేదో కూస్తాండ్రు."

"నువ్వు పాడినవు. మేము విన్నం. కట్టినవో లేదో మాకేమెరుక?"

"కట్టింది గూడ నేనే."

"ఆగు," అంది చిలుకమ్మ. "ఆ డబ్బలల్ల ఏమున్నదో నీకు ఎరికేనా?"

ఆయన వినయ్ ఫోన్ వైపు చూశాడు.

"మాకెరుక. నీళ్లు, ఇంత సున్నం, ఇంత వాసన. నువ్వు గంట కొట్టినట్టు పాడితే ఇంటింటికి కొన్నరు. మా ఆయన గూడ కొన్నడు. కొట్టినం. పురుగు సావలే. ఇంక లావయింది. గప్పుడు చేతులతోని ఏరినం. డబ్బాల కిరసనాయిలు పోసుకొని, ఒక్కొక్క మొక్క వంగి చూసుకుంట, ఒక్కొక్క పురుగును తీసి దాంట్ల ఏసినం. పొద్దుగాల పోతె పొద్దుగూకేదాక. నడుములు పడిపాయె. ఏడుద్దామంటె పక్క సాలుల ఉన్నది గూడ ఏడుస్తది. అందుకే నీ పాట ఎత్తుకున్నం. నిన్ను తిట్టుకుంట ఏరితె పని సాగింది. నూనె తలకాయ ముక్క మాతోని ఏరే సమ్మమ్మ కట్టింది. నవ్వి నవ్వి మేము సాలుల్లనే కూలబడ్డం. సమ్మమ్మ సచ్చిపోయి చానా ఏండ్లాయె."

ఆమె మంచం అంచుకు జరిగి కాళ్లు కిందికి దించింది.

"ఇప్పుడు చెప్పు," అంది చిలుకమ్మ. "కంపెనీవాడు రాసిచ్చింది చదివినవా, నీ నెత్తిల నుంచి తీసి నువ్వే కట్టినవా? చదివినవంటె నీ తప్పేం లేదు, కూలికి కూసినవు. చాయ తాగి పో. నువ్వే కట్టిన్నంటె గా ముచ్చట వేరు."

సారంగపాణి జీవితంలో ఎవరూ ఆయనకు ఇంత సులువైన దారి చూపించలేదు. చదివానంటే చాలు. కాగితం ఇచ్చిన మాట కూడా నిజమే. ఎదురుగా ఉన్నది చదువు రాని ముసలమ్మ, ఒక గొంగడి పిల్లవాడు, ఒక నర్సు పిల్ల. ఈ ముగ్గురి అభిప్రాయం ఆయనకు ఒక గొళ్లెం పాటి చేయదు. అయినా నాలుక ఆ మాట పలకడానికి తిరగలేదు. చదివానంటే ఆ పాట మళ్లీ ఎవరిదీ కాకుండా పోతుంది. పద్యాల పుస్తకం కుర్చీల కింద పోయింది. జనం నోట్లో నిలిచిన మాటలు ఆయనవి ఉన్నాయంటే అవి ఈ రెండు లైన్లే. వాటిలోనూ సగం వాళ్లు పీకేశారు.

"కట్టింది నేనే," అన్నాడు.

"మందు నీళ్లని ఎరుకుండి కట్టినవా?"

"ఎరుకలే. డబ్బ విప్పి చూపెట్టుమని నేను అడగలే. పాట ఎట్ల కుదిరిందన్నదే నా ఫికరు. డబ్బల ఏమున్నదన్న ఫికరు నాకు లేకుండె."

చిలుకమ్మ ఆయన మొహం చూసింది. క్షమించినట్టు ఏమీ కనబడలేదు. మనిషి అబద్ధం ఆడలేదని మాత్రం అర్థమైనట్టుంది.

"గట్లనా. అయితె కూసో. మిగిలింది గూడ విను. ఈ పిల్లలు సగమే పాడిండ్రు."

ఆమె గొంతు బొంగురు. అయినా తాళం తప్పలేదు. మంచం పట్టె మీద వేళ్లతో కొడుతూ పాడింది.

అద్దం ముంగట నిలవడి – అరపూట దువ్వినోడు
అద్దెజీపు దిగకుండ – అన్ని ఊర్లు మింగినోడు

దాని తరువాత ఇంకా ఉన్నాయి. ఆయన తెల్లచొక్కా మీద ఒకటి, నడక మీద ఒకటి. పెళ్లాం దగ్గర ఆయన మైకు పనిచేస్తుందా లేదా అన్న అనుమానం మీద ఒకటి. ఆ చరణానికి వినయ్ ఫోన్ దించేశాడు, భవాని చున్నీలో మొహం దాచుకుంది. సారంగపాణి చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. ఆయనకు కోపం వచ్చిన మాట నిజం. ప్రతి లైనుకూ యతి వెతికిన మాట కూడా నిజం. ఒక్కచోట తప్పినా ముసలమ్మను పట్టుకుందామని చూశాడు. తప్పలేదు.

"అద్దం ముచ్చట మీకెట్ల తెలిసింది?" అని మాత్రం అడిగాడు.

"జీపుకు అద్దముండె గద. మైకుల అరుసుకుంటనే దువ్వుకునేటోనివి."

తిరుగు దారిలో వినయ్ కాకతీయుల మాట ఎత్తలేదు. "సార్, మాటలు మీవని పేరేస్తం," అన్నాడు.

"రెండో చరణం నాది కాదు. చెయ్యని పనికి పేరు పెట్టుకునే ఖర్మ నాకు లేదు. ఆ ఆడోళ్ల పేరు పెట్టు."

ఇది విని వినయ్ ఆయన గొప్పమనసుకు కరిగిపోయాడు. సారంగపాణి వాడి తెలివికి జాలిపడ్డాడు. గొప్పమనసు ఏమీ కాదు. స్టేషన్ ఘన్‌పూర్ వచ్చేదాకా కళ్లు మూసుకుని ఆ నాలుగో లైనుకంటే మంచి లైను కట్టాలని చూశాడు. 'దుమ్ములేపి పోయినోడు' దగ్గర ఒక్క మాట కూడా కదపలేకపోయాడు. ఓడిపోయినవాడిగా చేసిన బేరం అది.

ఆల్బమ్ పేజీలో పేర్లు మారాయి. 'మాటలు: తొర్రూరు పత్తి చేన్ల ఆడవాళ్లు, సారంగపాణి' అని వచ్చింది. వరస చూసి ఆయన వారం రోజులు గొణిగాడు. వినయ్ కొత్త ఇంటర్వ్యూలలో కాకతీయులను వదిలి పురుగుమందు కథ చెప్పసాగాడు. అబద్ధంతో ఒకసారి అమ్ముడుపోయిన పాట నిజంతో మళ్లీ ఒకసారి అమ్ముడుపోయింది. కాకతీయుల కోసం కన్నీళ్లు పెట్టినవాళ్లే ఇప్పుడు పత్తి రైతుల కోసం పెట్టారు, అంతే తేలికగా. రాజేశ్వర్ రావు మరో వ్యాసం రాశాడు. ప్రకటనకర్తలు ప్రాచీన గేయాలను ఎలా దోచుకుంటారో అందులో వివరించాడు. సారంగపాణి పేరు ఉదాహరణగా ఇచ్చాడు.

వానలు వెనకపట్టాక కొర్రమట్ట హనుమకొండ కాలేజీ గ్రౌండులో పాడింది. సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. కమల పట్టుబట్టి తీసుకువస్తే సారంగపాణి ముందు వరసలో కూర్చున్నాడు. వేలమంది వచ్చారు. ఒక్కడికీ నిలబడడం చేతకాదని, డప్పు కొట్టేవాడు గిటారును వినడం లేదని, స్పీకర్లు తప్పు దిక్కుకు పెట్టారని ఆయన కమలకు వరసగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆమె తల ఊపుతూ పల్లీలు తింది.

వజ్రబాణం మొదలైంది. గ్రౌండు మొత్తం గొంతు కలిపింది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి వినయ్ గిటారు ఆపి చెయ్యి చాపి ముందు వరస చూపించాడు. "నూనె తలకాయోడు ఇక్కడే ఉన్నడు," అన్నాడు. జనం ఈలలు, కేకలు. కుర్రాళ్లు తలలు చేత్తో వెనక్కి దువ్వి చూపించారు. పైకి రమ్మన్నారు. కమల ఆయన మోచేతి కింద చెయ్యి పెట్టి లేపింది.

సారంగపాణి మెట్లెక్కి భవాని చేతిలోంచి మైకు తీసుకున్నాడు. దాని మూతి మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. గ్రౌండు సద్దుమణిగింది. ఆయన ఏదో కంటతడి పెట్టించే మాట చెబుతాడని వినయ్ కళ్లలో అప్పుడే నీళ్లు ఊరుతున్నాయి.

"ఇందాకటి సంది వింటున్న," అన్నాడు సారంగపాణి. ఆ గంట గొంతు గ్రౌండు దాటి రోడ్డు మీదికి పోయి అవతలి గోడలకు తగిలి వచ్చింది. "సగం మంది 'పగిలిపడి నవ్వె' అని పాడుతాండ్రు. పగిలిపడుడు కుండ పని. పురుగు నవ్వింది పగలబడి. ఆ మాట కట్టినోళ్లు చేన్ల నడుములు విరగ్గొట్టుకుంట కట్టిండ్రు. మీరు చల్లగాలికి నిలబడి చెడగొడుతాండ్రు. మళ్ల పాడుండ్రి. మొదటి సంది."

జనం ముందు నవ్వారు. ఆయన నవ్వకుండా చూస్తూ నిలబడ్డాడు. నవ్వు తగ్గింది. భవాని డప్పువాడికి కనుసైగ చేసింది. వేలమంది మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి మాట సరిగ్గా పలికారు. నూనె తలకాయ దాకా, దుమ్ము దాకా, దొరకకపోవడం దాకా పాడారు. సారంగపాణి చెయ్యి ఒకటి ఎత్తి తాళం వేస్తూ చివరి మాట దాకా విన్నాడు.

"పర్వాలేదు," అని మైకు భవాని చేతిలో పెట్టి కిందికి దిగాడు.